అద్దె కారు అప్పగించాక నష్టం పేరిట సొమ్ము అడిగితే

కారు అప్పగించి, తాళంచెవి ఇచ్చేసి, ఆ ప్రయాణాన్ని దాదాపు మరచిపోయిన తరవాత, ఏ రెండు వారాలకో ఒక ఈమెయిల్ వస్తుంది. ఎడమవైపు వెనక తలుపు మీద గీత కనిపించిందనీ, ఒప్పందం ప్రకారం మరమ్మతు ఖర్చును మీ కార్డు నుంచి తీసుకున్నామనీ అందులో ఉంటుంది. జతపరచిన ఫొటోలో గీత స్పష్టంగానే కనిపిస్తుంది. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఆ గీత తాము పెట్టింది కాదంటూ ఆవేశంగా జవాబు రాసి ఊరుకుంటారు. గీత ఉన్నదన్న విషయంలో ఇరుపక్షాలకూ తగాదా లేదు. తగాదా అంతా అది ఏనాడు పడిందన్నదాని మీదే. కారు మీ చేతికి వచ్చిన క్షణానికీ, మీ చేతి నుంచి వెళ్ళిన క్షణానికీ మధ్యలోనే ఆ నష్టం జరిగిందని చూపించవలసింది మామూలుగా సొమ్ము అడుగుతున్నవారు. ఆ రెండు క్షణాల్లో కారు ఎలా ఉన్నదో మీ దగ్గర రుజువు ఉంటే వారి పని కష్టమవుతుంది, లేకపోతే మీ పని కష్టమవుతుంది.

కారు తీసుకునేటప్పుడు

కౌంటరులో సంతకాలు అయ్యాక కారు బొమ్మ గీసి ఉన్న ఒక పత్రం ఇస్తారు. పాత గీతలు, సొట్టలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆ బొమ్మ మీద గుర్తులు పెట్టి ఉంటాయి. కొన్ని సంస్థలు దాన్ని ఫోను యాప్‌లోనే పంపుతున్నాయి. ఏ రూపంలో ఉన్నా దాన్ని చేత్తో పట్టుకుని కారు చుట్టూ తిరగాలి తప్ప, కౌంటరు దగ్గరే చదివి సంతకం చేయడం వల్ల ప్రయోజనం లేదు. పత్రంలో లేని గుర్తు కారు మీద కనబడితే, అది ఎంత చిన్నదైనా సరే, అక్కడి ఉద్యోగి చేత రాయించి, అతని పేరో పొట్టి సంతకమో తీసుకోవాలి. ‘ఇంత చిన్నదానికి మేం డబ్బులు అడగం లెండి’ అన్న మాట తరచుగా వినిపిస్తుంది. అడగనివారికి రాసి ఇవ్వడానికి అభ్యంతరం ఉండకూడదు కదా అని మర్యాదగానే అనవచ్చు. రేపు కారు వెనక్కి తీసుకునేది ఆ మనిషే కాకపోవచ్చు.

ఆ తరవాత వీడియో. నంబరు ప్లేటుతో మొదలుపెట్టి, మధ్యలో ఎక్కడా ఆపకుండా, కారు చుట్టూ నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి, చివరికి లోపల డాష్‌బోర్డు మీది కిలోమీటర్ల సంఖ్య, ఇంధనం ముల్లు, గడియారం కనిపించేలా ముగించాలి. ముక్కలు ముక్కలుగా తీసిన ఫొటోల మీద ‘ఇది ఇదే కారు అని నమ్మకమేమిటి’ అన్న ప్రశ్న వస్తుంది. ఏకబిగిన తీసిన వీడియో మీద రాదు. అయితే వీడియోలో సన్నని గీతలు సరిగా తెలియవు కాబట్టి, ఒక్కొక్క భాగానికి దగ్గరగా ఫొటోలు కూడా తీసుకోవాలి. ఎదురుగా నిలబడి తీస్తే రంగు మీద మీ నీడే కనిపిస్తుంది. కొంచెం పక్కకు జరిగి, వెలుతురు వాలుగా పడేటట్టు తీస్తే గీతలూ సొట్టలూ బయటపడతాయి. అందరూ తలుపులూ బానెట్టూ చూస్తారు. వివాదాలు మాత్రం ఎక్కువగా వచ్చేది చక్రాల రిమ్ముల దగ్గర, ముందు బంపర్ కింది అంచు దగ్గర, సామాను ఈడ్చే డిక్కీ అంచు దగ్గర, ముందు అద్దంలో రాయి తగిలిన చుక్క దగ్గర, ఎవరూ తలెత్తి చూడని పైకప్పు దగ్గర. నాలుగు రిమ్ములకూ నాలుగు ఫొటోలు విడిగా ఉండాలి. స్టెప్నీ, జాకీ ఉన్నాయో లేదో కూడా డిక్కీ తెరిచి చూసుకోవాలి.

కారు తడిసి ఉన్నా, దుమ్ము పట్టి ఉన్నా, నేలమాళిగలో మసక దీపం కింద అప్పగించినా గీతలు కనిపించవు. వెలుతురులోకి తెచ్చి చూపించమని అడగండి. కుదరదంటే ‘వెలుతురు చాలనందున పూర్తిగా పరిశీలించలేకపోయాను’ అని పత్రం మీదే రాసి సంతకం చేయండి. బయటికి వచ్చిన మొదటి వెలుతురు చోటనే ఆగి ఫొటోలు తీసి, వాటిని అప్పటికప్పుడే సంస్థ ఈమెయిల్‌కు పంపితే, పంపిన సమయమే మీకు సాక్ష్యమవుతుంది. ఫొటో ఫైలులో అది తీసిన తేదీ, సమయం వంటి వివరాలు దాగి ఉంటాయి. వాట్సాప్ వంటి వాటిలో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు పోతాయి, ఫొటో నాణ్యత కూడా తగ్గుతుంది. అందుచేత అసలు ఫైళ్ళను ఈమెయిల్‌కు జతపరచి పంపాలి, మరో కాపీని భద్రపరచుకోవాలి.

ఒప్పందం మొత్తం చదివే ఓపిక ఎవరికీ ఉండదు. కనీసం రెండు చోట్లు చదవాలి. మొదటిది, ‘కొలిజన్ డ్యామేజ్ వేవర్’ అనే మినహాయింపు దేనికి వర్తించదో చెప్పే భాగం. పేరు చూసి దాన్ని బీమా అనుకుంటారు గాని, నిజానికి అది నష్టంలో కొంత భాగాన్ని మీ నుంచి వసూలు చేయబోమని సంస్థ ఇచ్చే హామీ. ‘ఎక్సెస్’ అనే నిర్ణీత మొత్తం వరకు భారం మీదే. టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం, పైకప్పు, క్లచ్, తప్పు ఇంధనం పోయడం వంటివి చాలా ఒప్పందాల్లో ఆ మినహాయింపు బయట ఉంటాయి. ఒప్పందంలో పేరు లేని వ్యక్తి నడిపినా, ప్రమాదం జరిగిన వెంటనే తెలియజేయకపోయినా మినహాయింపు మొత్తంగా రద్దు కావచ్చు. రెండోది, కారు ఎప్పటివరకు మీ బాధ్యతలో ఉంటుందో చెప్పే వాక్యం. దాని సంగతి కింద వస్తుంది.

అప్పగించేటప్పుడు

వీలైనంత వరకు కార్యాలయం తెరిచి ఉన్న వేళలోనే అప్పగించాలి. వేళ దాటాక తాళంచెవిని పెట్టెలో వేసి వెళ్ళే సౌకర్యం చాలాచోట్ల ఉంది గాని, ఉదయం సిబ్బంది వచ్చి పరిశీలించేవరకు కారు బాధ్యత మీదేనని అనేక ఒప్పందాలు చెబుతాయి. అంటే రాత్రంతా ఎవరి కాపలా లేని చోట నిలిచి ఉన్న కారుకు మీరు జవాబుదారీ. తప్పనిసరై అలా వదలవలసి వస్తే, కారు నిలిపిన గడి నంబరు, చుట్టుపక్కల కార్ల మధ్య ఎడం, తాళంచెవి పెట్టెలో పడటం వరకు వీడియోలో ఉండేలా చూసుకోండి.

సిబ్బంది ఉంటే, వారితో కలిసి కారు చుట్టూ తిరిగి, కొత్త నష్టమేదీ లేదని పత్రం మీద రాయించుకోవాలి. ‘వరసలో ఇరవై కార్లు ఉన్నాయి, మీరు వెళ్ళండి, తరవాత ఈమెయిల్ పంపుతాం’ అంటారు. ఆ మాట అన్న సమయాన్నీ, కారు అప్పటి స్థితినీ వీడియోలో పట్టుకోండి. కిలోమీటర్ల సంఖ్యను మరచిపోకుండా ఫొటో తీయాలి. దాని విలువ ఏమిటో ఇంకొంచెం ముందుకు వెళితే తెలుస్తుంది. కారు మరీ మురికిగా ఉంటే, కడిగిన తరవాతే పరిశీలించగలమని చెప్పడానికి వారికి సాకు దొరుకుతుంది కాబట్టి, పైపైన కడిగించి ఇవ్వడం మేలు.

అక్కడికక్కడే గీతను చూపించి ఇది మీ పనేనంటే, మొదట దాని ఫొటోలు మీరు కూడా తీసుకోండి. పక్కన నాణెమో తాళంచెవో ఉంచితే కొలత తెలుస్తుంది. తరవాత దాని వయసు చూడండి. ఉక్కు రేకు మీద రంగు లోతుగా లేచిపోయిన చోట అంచుల్లో తుప్పు మొదలైతే అది ఆ పూటది కాదు. ప్లాస్టిక్ బంపర్, అల్యూమినియం రిమ్ము అలా ఎర్రగా తుప్పు పట్టవు కాబట్టి అక్కడ గీత లోపల పేరుకున్న మట్టినీ, పాత పాలిష్ జాడనూ వెతకాలి. ఇవేవీ తిరుగులేని రుజువులు కావు, అయినా ఫొటోలో ఉంటే పనికివస్తాయి.

నష్టాన్ని అంగీకరిస్తున్నట్టు రాసి ఉన్న కాగితం మీద సంతకం చేయకపోవడమే సరైనది. సంతకం లేకపోతే వెళ్ళనివ్వబోమంటే, సంతకం పైన ‘పత్రం అందింది, ఇందులోని అభియోగాన్ని అంగీకరించడం లేదు’ అని మీ చేతితో రాయండి. విమానానికి వేళయిందన్న తొందరలో చేసే సంతకమే తరవాత అందరికన్నా పెద్ద సాక్షిగా నిలుస్తుంది. ఆ ఒత్తిడికి లోబడకుండా ఉండటానికి ఒక గంట ముందుగా రావడం తప్ప మందు లేదు.

నష్టం నిజంగా మీ వల్లనే జరిగితే ఆ మాట ఒప్పుకుని, ఒప్పందంలో చెప్పినట్టు వెంటనే తెలియజేసి, ఇక లెక్క సంగతి మాత్రమే మాట్లాడాలి. చేసినదాన్ని చేయలేదని వాదించేవారి మాట లెక్క దగ్గర కూడా చెల్లదు.

అభియోగం వచ్చాక మొదటి ఉత్తరం

ఫోనులో మాట్లాడకండి. మాట్లాడవలసి వచ్చినా, ఆ వెంటనే ‘మీతో ఇప్పుడు జరిగిన సంభాషణ సారాంశం ఇది’ అని ఈమెయిల్ పంపండి. మొదటి ఉత్తరం పొట్టిగా, కోపం లేకుండా, ప్రశ్నలతో నిండి ఉండాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు:

‘ఫలానా నంబరు ఒప్పందం కింద నేను తీసుకున్న కారుకు నష్టం జరిగిందన్న మీ అభియోగాన్ని నేను అంగీకరించడం లేదు. కారును ఫలానా తేదీన, ఫలానా సమయంలో, ఇన్ని కిలోమీటర్ల వద్ద అప్పగించాను. అప్పటి ఫొటోలు జతపరుస్తున్నాను. దయచేసి ఈ కిందివి పంపగలరు: కారు నాకు ఇచ్చినప్పటి, నా నుంచి తీసుకున్నప్పటి పరిశీలన పత్రాలు, నష్టాన్ని మొదట గుర్తించిన తేదీ, సమయం, స్థలం, ఆ ఫొటోల అసలు ఫైళ్ళు, అప్పటి కిలోమీటర్ల సంఖ్య, మరమ్మతు జరిగితే దాని బిల్లు, జరగకపోతే ఖర్చును ఏ ఆధారంతో లెక్కించారన్న వివరం, మీరు ఆధారపడుతున్న ఒప్పంద నిబంధన. ఇవి అందేవరకు నా కార్డు నుంచి ఏ మొత్తాన్నీ తీసుకోవద్దని, తీసుకుని ఉంటే వెనక్కి జమ చేయాలని కోరుతున్నాను.’

ఈ ప్రశ్నల్లో అన్నిటికన్నా పదునైనది కిలోమీటర్ల సంఖ్య. నాకు ఒకసారి పంపిన ఫొటోల వరసలో, బహుశా పొరపాటున, డాష్‌బోర్డు ఫొటో కూడా ఉంది. అందులోని సంఖ్య నేను అప్పగించినప్పుడు తీసుకున్న ఫొటోలోని సంఖ్యకన్నా 43 ఎక్కువ. ఆ 43 కిలోమీటర్లు కారును ఎవరు నడిపారో చెప్పమని రెండు వాక్యాలు రాశాను. అంతకుముందు మూడు ఉత్తరాలకు కదలని సంస్థ నాలుగో రోజున సొమ్ము వెనక్కి వేసింది. గీత నాది కాదని అంతకుముందు నేను రాసిన పేజీలన్నీ వృథాయే.

కొన్నిచోట్ల ఇప్పుడు కారు ఒక కెమెరాల ద్వారం కింద నుంచి వెళుతుంది. యంత్రమే పాత చిత్రాన్నీ కొత్త చిత్రాన్నీ పోల్చి, మనిషి కంటికి ఆనని మరకను కూడా నష్టంగా చూపిస్తుంది. నిమిషాల్లో బిల్లు వస్తుంది, త్వరగా చెల్లిస్తే కొంత తగ్గింపు కూడా చూపిస్తారు. తగ్గింపు కోసం తొందరపడకుండా, వెళ్ళేటప్పటి చిత్రాలు, వచ్చేటప్పటి చిత్రాలు రెండూ పంపమనీ, మనిషి చేత తిరిగి పరిశీలింపజేయమనీ రాతపూర్వకంగా కోరండి. నీటి చుక్క, దుమ్ము, నీడ నష్టంగా నమోదు కాలేదని తేల్చుకున్నాకే మిగతా మాట.

లెక్కను విప్పి చూడడం

నష్టం మీదేనని తేలినా, అడిగిన మొత్తం అంతా మీరు ఇవ్వవలసిందేనని అర్థం కాదు. బిల్లులో సాధారణంగా మరమ్మతు ఖర్చు, కాగితాల పనికి రుసుము, కారు షెడ్డులో ఉన్న రోజులకు పోయిన అద్దె అనే మూడు పద్దులు ఉంటాయి. కారు విలువ తగ్గిందంటూ నాలుగోది కలిపేవారూ ఉన్నారు. దేనికది విడదీసి, ఒప్పందంలో దానికి ఆధారం ఉందా అని అడగాలి.

మరమ్మతు ఖర్చు దగ్గర చూడవలసింది, అడిగిన పని ఆ నష్టానికి అవసరమైనదేనా అన్నది. కారు రంగు ఒకే పొర కాదు. అడుగున ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర, అన్నీ కలిపి మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉంటాయి. గోటితో అడ్డంగా రాస్తే తగలని గీత చాలావరకు ఆ పైపొరలోనే ఉంటుంది, పాలిష్‌తో పోతుంది. గోరు ఇరుక్కుని, లోపలి తెల్లదనమో రేకో కనిపిస్తే రంగు వేయక తప్పదు. పాలిష్‌తో పోయే గీతకు మొత్తం తలుపుకు రంగు వేసిన ఖర్చు అడిగితే, వేరే షెడ్డు నుంచి ఎస్టిమేట్ తెప్పించి జతపరచండి. మీ దగ్గర ఉన్న దగ్గరి ఫొటోలు చూసి వారు అంచనా చెప్పగలరు. ముందు అద్దంలో చిన్న చుక్క ఉంటే రెజిన్ నింపి సరిచేసే పద్ధతి ఉంది. అది కుదిరే చోట అద్దం మొత్తం మార్చిన ఖర్చు మోయనవసరం లేదు.

టైరు విషయంలో లెక్క మరీ తేట. కొత్త టైరు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6. అంటే వాడుకోదగిన అరుగుదల 6.4 మిల్లీమీటర్లు. మీరు పాడుచేసిన టైరు అప్పటికే 4 మిల్లీమీటర్లకు అరిగి ఉంటే దానిలో మిగిలిన వాడకం 2.4, అంటే 37.5 శాతం. కొత్త టైరు పూర్తి ధర వసూలు చేయడమంటే, ముందు వాడినవాళ్ళు అరగదీసిన భాగానికి కూడా మీరే కొత్తది కొనిపెట్టడం. ఈ లెక్కను ఉత్తరంలో అంకెలతో సహా రాస్తే జవాబు చెప్పడం వారికి అంత తేలిక కాదు.

నష్టానికి స్థిరమైన ధరల పట్టిక పెట్టుకున్న సంస్థలు కూడా ఉన్నాయి. తలుపు మీద ఇంత పొడవు గీతకు ఇంత అని అందులో ఉంటుంది. ఆ పట్టిక ఒప్పందంలో భాగమా, సంతకానికి ముందు మీకు అందుబాటులో ఉన్నదా అన్నది మొదటి ప్రశ్న. రెండో ప్రశ్న, మరమ్మతు నిజంగా జరిగిందా. సొమ్ము తీసుకుని గీతను అలాగే వదిలేస్తే, అదే గీతకు తరవాతివారి దగ్గర కూడా వసూలు చేసే వీలుంటుంది. మరమ్మతు బిల్లు మీది తేదీ, కారు నంబరు, కిలోమీటర్ల సంఖ్య సరిపోల్చి చూడాలి. పోయిన అద్దె అడిగితే, కారు షెడ్డులో ఉన్న రోజుల లెక్కనూ, ఆ రోజుల్లో అద్దెకు ఇవ్వడానికి వేరే కార్లు వారి దగ్గర లేవన్న ఆధారాన్నీ చూపించమనండి. మూడు గంటల పనికి వారం రోజుల అద్దె అడిగిన బిల్లులు ఉంటాయి.

కార్డు, బీమా, ఫిర్యాదు

మొదట సొమ్ము నిజంగా పోయిందో, కేవలం ఆగి ఉందో చూసుకోవాలి. డిపాజిట్ పేరిట కార్డు మీద నిలిపి ఉంచిన మొత్తం ఖర్చు కాదు. కారు ఇచ్చాక అది విడుదల కావడానికి బ్యాంకును బట్టి కొన్ని రోజులు పట్టవచ్చు. విడిగా వసూలు చేసి ఉంటే, సంస్థకు రాసిన తరవాత, వారి జవాబు తృప్తికరంగా లేకపోతే, కార్డు ఇచ్చిన బ్యాంకు దగ్గర, ఆ సొమ్మును సంస్థ నుంచి వెనక్కి తెప్పించే ‘చార్జ్‌బ్యాక్’ కోరవచ్చు. వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో చాలా రకాల వివాదాలకు గడువు 120 రోజులు, కాని బ్యాంకులు ఇంతకన్నా ముందుగా అడగవచ్చు కాబట్టి సంస్థ జవాబు కోసం నెలల తరబడి ఎదురుచూడకూడదు. దరఖాస్తులో కథ వద్దు. తేదీలు, మీ రెండు వీడియోలు, మీరు అడిగిన పత్రాల జాబితా, వారు పంపనివి ఏవన్న వివరం, ఇవి చాలు. ఒక హెచ్చరిక: చార్జ్‌బ్యాక్ గెలిస్తే తగాదా తీరినట్టు కాదు, సంస్థ ఆ బాకీని వేరే దారిలో అడగవచ్చు, మళ్ళీ కారు ఇవ్వకుండా మీ పేరును జాబితాలో పెట్టవచ్చు.

ఎక్సెస్ మొత్తానికి మీరు విడిగా బీమా తీసుకుని ఉంటే పద్ధతి వేరు. ఆ బీమా సంస్థ సాధారణంగా మీరు ముందు చెల్లించిన తరవాతే మీకు తిరిగి ఇస్తుంది. దానికి ఒప్పందం, పరిశీలన పత్రాలు, నష్టం బిల్లు, చెల్లించిన రుజువు అడుగుతుంది. అందుకని బీమా ఉన్నవారు కూడా పైన చెప్పిన పత్రాలన్నీ తెప్పించుకోవలసిందే. మధ్యవర్తి వెబ్‌సైటు ద్వారా బుక్ చేసి ఉంటే, నష్టం సంగతి కారు ఇచ్చిన సంస్థతోనే తేలాలి గాని, ఫిర్యాదు ప్రతిని మధ్యవర్తికి కూడా పంపడం వల్ల కొంత ఒత్తిడి ఉంటుంది.

కౌంటరు స్థాయిలో తేలనిది సంస్థ ఫిర్యాదుల విభాగానికి, అక్కడా తేలకపోతే ఆ దేశపు వినియోగదారుల సంస్థకు, చిన్న మొత్తాల దావాలు వినే కోర్టుకు వెళుతుంది. ఐరోపాలో ఒక దేశం వారు మరొక దేశంలో అద్దెకు తీసుకున్న కార్ల తగాదాలకు, సభ్య సంస్థల విషయంలో, యూరోపియన్ కార్ రెంటల్ కన్సిలియేషన్ సర్వీస్ అనే రాజీ వేదిక ఉంది. ఈ ఫిర్యాదులు ఎంత పెరిగాయంటే, 2015లో ఐరోపా కమిషన్, అక్కడి వినియోగదారుల అధికారులు కలిసి ఐదు పెద్ద అద్దె కార్ల సంస్థల చేత తమ పద్ధతులను మార్చుకుంటామని ఒప్పించారు. సొమ్ము తీసుకోవడానికి ముందే నష్టం వివరాలు చెప్పి, ప్రశ్నించే అవకాశం ఇవ్వడం అందులో ఒకటి. ఐరోపా సమాచార రక్షణ చట్టం వర్తించే చోట, మీ పేరుతో ముడిపడిన పరిశీలన పత్రాలు, ఫొటోల వంటి సమాచారాన్ని చూపించమని కోరే హక్కు కూడా ఉంది. దానికి సాధారణంగా ఒక నెలలోగా జవాబు ఇవ్వాలి. మామూలు ఉత్తరాలకు స్పందించని సంస్థలు ఈ కోరికకు స్పందించడం తరచుగా జరుగుతుంది.

సొమ్ము వెనక్కి వచ్చినప్పుడు, వేరే దేశపు కరెన్సీలో తీసుకుని ఉంటే మారకపు రేటు తేడా వల్ల కొంత తక్కువ రావచ్చు. ఆ తేడానూ, కార్డు మీద పడిన అదనపు రుసుమునూ అడగండి. చాలా సంస్థలు ‘సద్భావంతో’ వాపసు ఇస్తున్నామని రాస్తాయి. ఆ మాటకు అభ్యంతరం చెప్పనక్కర లేదు, కాని అభియోగం ముగిసిందనీ, ఆ నష్టం పేరిట ఇక ఏ మొత్తమూ అడగబోమనీ, మీ పేరు ఏ జాబితాలోనూ ఉంచలేదనీ ఒక వాక్యం రాయించుకోండి. ఆ వాక్యం చేతికి అందేవరకు ఫోనులోని వీడియోలను తొలగించవద్దు.